వాయించినవాడి పేరు
(ద్వారం వెంకటస్వామి నాయుడుగారి స్మారకోపన్యాస పాఠం)



స్పెయిన్ సంగీతం గురించి, అందులోనూ ఆర్కెస్ట్రా ముందు నిలబడి ఒకే ఒక్క ఫిడేలు వాయించే కచేరీ గురించి మాట్లాడతానంటే, నాయుడుగారి పేరు మీద జరిగే సభలో ఇదెక్కడి గోల అని మీలో కొందరికైనా అనిపించి ఉంటుంది. సంబంధం ఉంది. కాస్త చుట్టు తిరిగి వస్తాను, ఓపిక పట్టండి.

నాయుడుగారిని మనం తలుచుకునేది కృతులు రాసినందుకు కాదు, వాయించినందుకు. మన సంగీత చరిత్ర చాలావరకు రాసినవారి చరిత్ర. పాడినవారికి అందులో రెండో పీట. వాయించినవారికి దొరికితే మూడోది. పక్కన కూర్చుని వాయించినవారికి పీటే లేదు. 1893లో ఆయన పుట్టేనాటికి ఫిడేలు మన కచేరీలో గాత్రం వెనక నడిచే వాద్యం. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో, ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రిన్సిపాలుగా ఉన్న రోజుల్లో, ఫిడేలు ఆచార్యులుగా చేరారు. 1936లో తానే ప్రిన్సిపాలయ్యారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. 1964లో కన్నుమూశారు. ఈ మధ్యకాలంలోనే ఫిడేలు పక్కనుంచి లేచి వచ్చి కచేరీకి నడిమధ్య కూర్చుంది. ఆ పని ఆయనొక్కరే చేశారనను. కానీ ఆంధ్ర దేశంలో ఆ మాటెత్తితే ముందు గుర్తొచ్చే పేరు ఆయనదే.

ఇలాంటి మనిషే ఇంకో దేశంలో, ఇంకో కాలంలో ఒకడున్నాడు. పాబ్లో దె సరసాతె. 1844 మార్చి 10న స్పెయిన్ ఉత్తరాన నవార్రా ప్రాంతంలోని పాంప్లోనాలో పుట్టాడు. తండ్రి సైనిక బ్యాండుకు మాస్టరు. మనకు ఫిడేలు వచ్చిన దారి కూడా అదేనని గుర్తు చేయనా? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఫిడేలు నేర్చుకున్నది మద్రాసు దగ్గర తెల్లవాళ్ల బ్యాండు మనిషి దగ్గరే. బ్యాండు మాస్టర్లకు విగ్రహాలు పెట్టేవాళ్లు అరుదు గానీ, వాళ్లు లేకపోతే ఈ సభే లేదు.

సరసాతెకు పన్నెండేళ్లు వచ్చేసరికి పారిస్‌లో చదివించాలని తల్లి వెంటబెట్టుకుని బయలుదేరింది. సరిహద్దు దాటి బయోన్ చేరేసరికి ఆమె హఠాత్తుగా చనిపోయింది. పిల్లవాడికి కలరా సోకిందని అప్పుడే తేలింది. బతికాడు. పారిస్ చేరి, అక్కడి సంగీత విద్యాలయంలో అలార్ అనే గురువు దగ్గర చేరి, 1857లో మొదటి బహుమతి కొట్టాడు. ఆ తరువాత యాభై ఏళ్లు యూరపంతా, రెండు అమెరికాలూ తిరిగాడు. లండన్‌లో అతని పేరు ఎంత ఇంటింటి పేరంటే, కానన్ డాయిల్ రాసిన ఒక కథలో షెర్లాక్ హోమ్స్ దర్యాప్తు మధ్యలో ఆపి మరీ సరసాతె కచేరీ వినడానికి వెళతాడు.

చేతులు చిన్నవి. అందుకే పగనీనీ రచనల జోలికి పెద్దగా పోలేదు. బ్రామ్స్ రాసిన ఫిడేలు కంచెర్టో, అంటే ఆర్కెస్ట్రా ముందు ఒక్క ఫిడేలు వాయించే రచన, వాయించడానికి ఒప్పుకోలేదని కూడా అంటారు. అందులో రెండో భాగం మొదట్లో అసలు రాగమంతా ఒబో వాయిస్తుంటే, తాను ఫిడేలు చేత్తో పట్టుకుని వేదిక మీద నిలబడి వినాలా అని అడిగాడట. అహంకారమే, కాదనను. కానీ ఆ అహంకారమే రచయితల చేత ఫిడేలు కోసం ప్రత్యేకంగా రాయించింది. సాన్-సాన్స్ రెండు కంచెర్టోలు, ప్రసిద్ధమైన రొండో కాప్రిచ్చియోసో అతనికే రాశాడు. బ్రూఖ్ రెండో కంచెర్టో, స్కాటిష్ ఫాంటసీ అతనికే. వియెనియావ్‌స్కీ రెండో కంచెర్టో అతనికే అంకితం. మనకు కృతి ముందు పుడుతుంది, వాయించేవాడు తరువాత వస్తాడు. అక్కడ ఈ మనిషి విషయంలో వాయించేవాడు ముందు, రచన తరువాత.

వాటిలో స్పెయిన్‌కు చెందినది, నేను ఎక్కువసేపు ఆగి చెప్పదలచుకున్నది ఎడ్వార్ లాలో రాసిన సింఫొనీ ఎస్పాన్యోల్. లాలో ఫ్రెంచివాడు. ఉత్తర ఫ్రాన్స్‌లో లీల్ పట్టణం. ఎన్నో తరాల కిందట వాళ్ల పూర్వీకులు స్పెయిన్‌నుంచి వచ్చారట, అంతే ఉన్న చుట్టరికం. నాలుగు తీగ వాద్యాల బృందంలో వియోలా వాయిస్తూ, పిల్లలకు పాఠాలు చెబుతూ, రాసినవి ఎవరూ పట్టించుకోకుండా యాభై ఏళ్లు గడిపాడు. సరసాతె అతని మొదటి కంచెర్టోను 1874లో వాయించాడు. ఆ ఉత్సాహంతో లాలో అదే ఏడాది ఇది రాశాడు. 1875 ఫిబ్రవరి 7న పారిస్‌లో సరసాతె మొదటిసారి వాయించాడు. యాభై రెండేళ్ల వయసులో లాలోకు పేరొచ్చింది.

పేరుకు సింఫొనీ, నడకకు కంచెర్టో. మామూలుగా మూడు భాగాలుండే చోట అయిదున్నాయి. మొదటి భాగం ఆర్కెస్ట్రా గట్టిగా గొంతు సవరించుకుని ఒక పిలుపు వేయడంతో మొదలవుతుంది. నాలుగైదు దరువులు గడవకముందే ఫిడేలు ఆ పిలుపును లాక్కుని తనది చేసుకుంటుంది. ఆ రాగఖండంలో రెండు సమానమైన అక్షరాలు, వెంటనే అదే కాలంలో ఇమిడే మూడు అక్షరాలు. చతురశ్రం, తిశ్రం పక్కపక్కనే. మన విద్యార్థులకు ఇది అర్థం కావడానికి అరనిమిషం పట్టదు. స్పెయిన్ నాట్యాల్లో చాలావాటి గుట్టు ఇందులోనే ఉంది: ఆరక్షరాలను ఒకసారి రెండు మూడులుగా, మరోసారి మూడు రెండులుగా విరుస్తారు. కాలు ఎక్కడ పడుతుందో వినేవాడికి చివరి క్షణం దాకా తెలియనివ్వరు. తనియావర్తనం విన్న చెవికి ఈ గమ్మత్తు కొత్త కాదు. మనవాళ్లు లెక్క పొడుగ్గా పెట్టి ఊరిస్తారు, వాళ్లు ఒకే ఆవర్తంలో తేల్చేస్తారు.

రెండో భాగంలో ఆర్కెస్ట్రాలోని ఫిడేళ్లన్నీ కమాను పక్కన పెట్టి తీగలను వేళ్లతో మీటుతాయి. హాలంతా ఒక పెద్ద గిటారు అవుతుంది. ఆ మీటుళ్ల మీద ఒంటరి ఫిడేలు పాడుతుంది. ఇక్కడొక సాంకేతిక విషయం. డెబ్బై మంది వాయిస్తుంటే ఒక్క ఫిడేలు ఎలా వినిపిస్తుంది? మైకు లేదు. అది రచయిత నేర్పు మీద ఆధారపడ్డ సంగతి. ఫిడేలు పాడేటప్పుడు లాలో ఇత్తడి వాద్యాలను నోరెత్తనివ్వడు. తీగ వాద్యాలను పలచన చేస్తాడు. ఫిడేలును కింది తీగ మీద బరువుగానో, పై తీగ కొసన సన్నగానో నడిపిస్తాడు, మధ్య స్థాయిలో ఆర్కెస్ట్రా గుంపులో కలవనివ్వడు. ఆర్కెస్ట్రా విరుచుకుపడేది ఫిడేలు ఊపిరి పీల్చుకునే సందుల్లోనే. తానూ తీగ వాద్యం పట్టినవాడు కాబట్టి లాలోకు ఈ కిటుకులు చేతిలో ఉన్నాయి.

మూడో భాగం ఇంటర్‌మెజ్జో. క్యూబానుంచి స్పెయిన్‌కు, అక్కణ్ణుంచి పారిస్‌కు వచ్చిన హబనేరా నడక. నాకు మొత్తం రచనలో ఇదే ఇష్టం. విచిత్రమేమిటంటే చాలా దశాబ్దాలు ఫిడేలు విద్వాంసులు దీన్ని వదిలేసి మిగతా నాలుగు భాగాలే వాయించేవారు. హైఫెట్జ్ అంతటివాడు కూడా రికార్డు చేసినప్పుడు దీన్ని వదిలేశాడు. మళ్లీ అయిదు భాగాలూ కలిపి వాయించాలని పట్టుబట్టినవాడు యెహూదీ మెనుహిన్. 1927లో, పదేళ్ల పిల్లవాడిగా పారిస్‌లో మొట్టమొదట వాయించినప్పుడు ఎంచుకున్నది ఈ సింఫొనీ ఎస్పాన్యోలే. 1933లో తన గురువు ఎనెస్కో ఆర్కెస్ట్రా నడిపిస్తుండగా, ఇంటర్‌మెజ్జోతో సహా మొత్తం రికార్డు చేశాడు.

ఆ మెనుహిన్ 1952లో నెహ్రూగారి ఆహ్వానం మీద ఇండియా వచ్చాడు. కరువు సహాయ నిధికి కచేరీలు చేశాడు. మద్రాసులో న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్‌గారింట నాయుడుగారి ఫిడేలు విని మెచ్చుకున్నాడు. ఇదీ నేను మొదట చెప్పిన చుట్టు. సరసాతె కోసం పుట్టిన రచనను మోసుకు తిరిగిన చేతులు, నేల మీద కూర్చుని, ఫిడేలు తలను కుడి మడమ మీద ఆనించి వాయించే మన పెద్దాయనను వింటూ మడుచుకుని కూర్చున్నాయి. ఒకటే వాద్యం. వాళ్లు గడ్డం కింద పెట్టి నిలబడతారు. మనం ఛాతీకీ మడమకూ మధ్య నిలకడగా ఆనించి ఎడమచేతిని పూర్తిగా జారుకు వదిలేస్తాం. వాళ్ల నాలుగు తీగలకు నాలుగు వేరువేరు స్వరాలు. మనవి స-ప-స-ప. ఇంత తేడాలోనూ కమాను ఒకటే. కమాను ఎక్కడ తిప్పాడో వినేవాడికి తెలియకుండా నాదాన్ని సాగదీయడమే ఇద్దరికీ విద్య. సరసాతె గురించి నాటి శ్రోతలు రాసిందీ అదే, నాయుడుగారి గురించి మన పెద్దలు చెప్పేదీ అదే.

నాలుగో భాగం ఆండాంటె గంభీరమైనది, దాని గురించి ఎక్కువ చెప్పను. అయిదోది మాత్రం ముచ్చటైన ఎత్తుగడ. ఎక్కడో దూరాన ఊరేగింపు వస్తున్నట్టు ఒకే చిన్న స్వరఖండాన్ని ఆర్కెస్ట్రా మళ్లీ మళ్లీ వాయిస్తూ, దగ్గరికొస్తూ, పెరుగుతూ పోతుంది. అది మనముందుకొచ్చేసరికి ఫిడేలు ఎగిరి గంతేసి దాని మీద కూర్చుంటుంది. 1878లో స్విట్జర్లాండులో ఉన్న చైకోవ్‌స్కీ ఈ రచనను ఒక స్నేహితుడితో కలిసి వాయించుకుని మురిసిపోయి, ఆ ఊపులోనే తన ఫిడేలు కంచెర్టో రాశాడు. ఫ్రెంచివాడు రాసిన స్పెయిన్ సంగీతంనుంచి రష్యావాడి కంచెర్టో పుట్టిందన్నమాట.

ఇక్కడొక చిక్కు ప్రశ్న ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. యూరప్‌లోనో అమెరికాలోనో స్పెయిన్ సంగీత సంధ్య అని టికెట్టు కొనుక్కుని వెళితే వినిపించేవి చాలావరకు ఇవీ: లాలో, ఫ్రెంచివాడు. బిజే రాసిన కార్మెన్, అతనూ ఫ్రెంచివాడే, స్పెయిన్‌లో అడుగే పెట్టలేదు. శాబ్రియే రాసిన ఎస్పాన్యా, ఫ్రెంచి. రిమ్‌స్కీ-కోర్సకోవ్ రాసిన కాప్రిచ్చియో ఎస్పాన్యోల్, రష్యన్. రవెల్ బొలెరో సంగతి సరేసరి. పోనీ సరసాతె రాసినదేదైనా పెడదామంటే, అన్నిటికంటే పేరున్న త్సిగొయ్‌నర్‌వైజెన్ హంగరీ బాణీల మీద రాసింది! స్పెయిన్ వాడు హంగరీ రాశాడు, మిగతావాళ్లంతా స్పెయిన్ రాశారు. ఇది దొంగ సరుకా?

కాదని నా అభిప్రాయం, ఒక షరతు మీద. ఆ షరతు కథ రిమ్‌స్కీ-కోర్సకోవ్ దగ్గర మొదలవుతుంది. అతను కుర్రతనంలో నౌకాదళంలో ఉండగా ఓడ కొన్నాళ్లు స్పెయిన్ రేవులో ఆగింది. అంతకుమించి ఆ దేశం తెలియదు. ఇన్సెంగా అనే స్పెయిన్ పండితుడు అచ్చువేసిన జానపద గీతాల సంకలనంనుంచి బాణీలు తీసుకున్నాడు. మొదట ఫిడేలు, ఆర్కెస్ట్రా కలిసిన రచనగా అనుకుని, తరువాత మనసు మార్చుకుని ఆర్కెస్ట్రా మొత్తాన్నీ సోలో వాద్యకారుల గుంపు చేశాడు. నాలుగో భాగం వినండి. ముందు కొమ్ము వాద్యాలు, ట్రంపెట్లు ఒక విసురు విసురుతాయి. తరువాత ఫిడేలు ఒంటరిగా. తరువాత ఫ్లూటు, క్లారినెట్, హార్ప్ వరసగా ఒక్కొక్కటి. అయిదు చిన్న ఆలాపనలు, ఎవరి గొంతు వాళ్లది. తాళం లేదు, కండక్టరు చెయ్యి దించి ఊరుకుంటాడు. 1887లో పీటర్స్‌బర్గ్‌లో రిహార్సల్ జరుగుతుంటే ఒక్కో భాగం అయిపోగానే వాయించేవాళ్లే చప్పట్లు కొట్టారు. రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఏం చేశాడో తెలుసా? ఆ రచనను వాళ్లకే అంకితం చేసి, అరవై ఏడు మంది వాద్యకారుల పేర్లు అచ్చుపుస్తకంలో వేయించాడు. రాజుకో, ధనికుడికో అంకితమివ్వడం ఆచారమైన కాలంలో, మూడో వరసలో కూర్చుని వియోలా వాయించేవాడి పేరు కూడా అచ్చులోకి ఎక్కింది. ఈ ఒక్క పనికి నేనతనికి దణ్ణం పెడతాను.

ఇప్పుడు దీనికి ఎదురు కథ. ఇది సొంత ఇంటి కథ. మాన్వెల్ దె ఫాయా దక్షిణాన కాదిజ్‌లో 1876లో పుట్టిన నిఖార్సయిన స్పెయిన్ రచయిత. అతని మూడు మూలల టోపీ అనే బాలే లేకుండా ఈ తరహా కచేరీ ముగియడం అరుదు. ఆర్కెస్ట్రాలు వాయించేది ముఖ్యంగా రెండో సూట్: ఇరుగుపొరుగుల ఆట, మిల్లు యజమాని ఆట, చివరి ఆట. మధ్యది ఫర్రుకా అనే ఆండలూసియా నాట్యం. హార్న్ ఒకటి కటువుగా కేకేస్తుంది. దానికి ఇంగ్లీష్ హార్న్ జాలిగా బదులిస్తుంది. తరువాత తీగ వాద్యాలన్నీ ఒక్కసారిగా, గిటారు మీద అరచెయ్యి వేసి కొట్టినట్టు, బరువైన దెబ్బలు మొదలుపెడతాయి. మెల్లగా మొదలై, చివరికొచ్చేసరికి ఆపడం ఎవరి తరమూ కానంత వేగం. అందులో కాళ్ల చప్పుడు వినిపిస్తుంది.

ఆ కాళ్లు ఎవరివి? 1917లో ఫాయా, రష్యన్ బాలే అధిపతి దియాగిలెవ్, నర్తకుడు మాసీన్ కలిసి స్పెయిన్ ఊళ్లు తిరిగారు. వాళ్ల వెంట ఫెలిక్స్ ఫెర్నాందెజ్ అనే కుర్రాడున్నాడు. ఆండలూసియా నాట్యంలో ఘటికుడు. ఊరూరా ఆటగాళ్లను, పాటగాళ్లను చూపించినవాడు అతనే. మాసీన్‌కు ఫర్రుకా అడుగులు నేర్పినవాడూ అతనే. లండన్ తీసుకెళ్లారు. ముఖ్యపాత్ర తనదేనని నమ్మాడు. 1919 జులై 22న లండన్ అలాంబ్రా థియేటర్‌లో ప్రదర్శన. తెరలు, దుస్తులు పికాసోవి. ఆర్కెస్ట్రా నడిపింది ఆన్సెర్మె. ముఖ్యపాత్ర ఆడింది మాసీన్, జోడీగా కార్సావినా. ఫెలిక్స్‌కు అప్పటికే మతి చలించింది. రాత్రివేళ ఒక చర్చిలో చొరబడి పీఠం ముందు నాట్యమాడుతూ దొరికాడని చెబుతారు. పిచ్చాసుపత్రిలో చేర్చారు. 1941లో అక్కడే పోయాడు. ఇరవై రెండేళ్లు. ఆ బాలే ప్రపంచమంతా తిరుగుతూనే ఉంది.

ఎవరి తప్పో తేల్చడానికి నేను జడ్జీని కాను. ఫాయా మంచివాడు, భక్తుడు, ఎవరికీ అన్యాయం చేసే మనిషి కాదని అతనితో మెలిగినవారంతా అన్నారు. ఆ మాటను నేను నమ్ముతాను. మూడేళ్ల తరువాత, 1922 జూన్‌లో, గ్రనాదాలో లోర్కా వంటి కుర్ర కవులను వెంటేసుకుని పల్లెటూరి పాటగాళ్ల పోటీ పెట్టించాడు. అందులో బహుమతి కొట్టినవారిలో ఒకడు డెబ్బై దాటిన ముసలాయన, ఇంకొకడు పన్నెండేళ్ల పిల్లవాడు. ముసలాయన పోటీకి తన ఊరినుంచి నడిచి వచ్చాడని చెప్పుకుంటారు. ఫెలిక్స్ జ్ఞాపకం ఫాయా మనసులో ఏ మూలో ఉండే ఉంటుందని నా ఊహ, ఊహ మాత్రమే.

ఆ పోటీ సందర్భంలో ఫాయా ఒక చిన్న పుస్తకం రాసి, ఆ పల్లెపాటల మూలాల్లో బైజాంటియం చర్చి పాటనూ, అరబ్బులనూ, ఇండియానుంచి వలస వచ్చిన జిప్సీలనూ ఎత్తిచూపాడు. జిప్సీల భాష మన ఉత్తరాది భాషలకు చుట్టమన్నది భాషావేత్తలు రుజువు చేసిన సంగతి. ఇక్కడే మనవాళ్లు ఎగిరి గంతేస్తారు. స్పెయిన్ సంగీతమంతా మన తోడి రాగమే అని ఒక పెద్దాయన నాతో గట్టిగా వాదించారు. కాసేపు లెక్క చూద్దాం. ఆండలూసియా పాట షడ్జమం మీద వాలే తీరు ఇది: మ గ రి స. శుద్ధ మధ్యమం, సాధారణ గాంధారం, శుద్ధ రిషభం. అవును, హనుమతోడి మేళంలోని స్వరాలే. కానీ షడ్జమం మీద వాలగానే గిటారుగానీ ఆర్కెస్ట్రాగానీ కలిపి మోగించే స్వరాల్లో అంతర గాంధారం ఉంటుంది. అప్పుడది వకుళాభరణం వైపు తిరిగింది. ఒకే వాక్యంలో రెండు గాంధారాలు! తోడి పాడే విద్వాంసుడు ఈ మాట వింటే చెవులు మూసుకుంటాడు. పైగా తోడి అంటే స్వరాల పట్టిక కాదు గదా. ఆ గాంధారం ఊగే ఊపు లేకపోతే అది తోడే కాదు. స్వరస్థానాలు కలిసినంత మాత్రాన చుట్టరికం కలపకూడదు. పోలిక ఆనందించండి, పేటెంటు అడక్కండి.

సరసాతె దగ్గరికి మళ్లీ వస్తాను. ఫాయా తరం వాళ్లు అతణ్ణి కాస్త చులకనగానే చూశారు, పెద్దింటి సలోన్లలో మెప్పించే తుకడాలు రాసేవాడని. అతని కార్మెన్ ఫాంటసీ విషయంలో నేనూ వాళ్ల పక్షమే. గారడీ ఎక్కువ, దాని కోసం నేను ఊరు దాటి వెళ్లను. స్పెయిన్ నాట్యాలని అతను రాసిన చిన్న చిన్న రచనలు వేరు. మలగేన్యా, ప్లయెరా, రొమాంజా ఆండలూసా. వాటిలో పాట ఉంది. పాంప్లోనాలో ఏటా జులైలో జరిగే సాన్ ఫెర్మిన్ ఉత్సవానికి, ప్రపంచంలో ఎక్కడున్నా వచ్చి ఊరివాళ్ల కోసం వాయించేవాడు. 1908లో బియారిట్జ్‌లో పోయాడు. తన 1724 నాటి స్ట్రాడివేరియస్‌ను పారిస్ సంగీత విద్యాలయానికి, 1713 నాటి మరోదాన్ని మాడ్రిడ్ విద్యాలయానికి రాసిచ్చాడు. ఇప్పుడు పాంప్లోనాలో అతని పేరు మీద అంతర్జాతీయ ఫిడేలు పోటీ జరుగుతోంది.

అతని నాదం మనం వినవచ్చు. 1904లో, అరవయ్యేళ్ల వయసులో, కొన్ని రికార్డులిచ్చాడు. మైకు రాకముందు సంగతి. పెద్ద కొమ్ములాంటి గరాటు ముందు నిలబడి వాయించాలి. అక్కడా ఇక్కడా కదిలితే శబ్దం పోతుంది. మూడు నాలుగు నిమిషాలకు పళ్లెం నిండిపోతుంది. అందుకని త్సిగొయ్‌నర్‌వైజెన్‌లో నెమ్మదైన భాగం వదిలేసి వేగంగా వాయించే భాగానికి దూకాడు. దూకే ముందు ఎవరో మాట్లాడిన గొంతు రికార్డులో వినిపిస్తుంది. అది సరసాతె గొంతేనంటారు. పక్కన పియానో వాయించేవాడికి చెప్పిన మాట. చరచరమనే రొద వెనక ఫిడేలు సన్నగా, శుభ్రంగా, ఎక్కడా ఒత్తిడి లేకుండా పోతుంటుంది. ఆ ఒక్క మాట మాత్రం రిహార్సల్‌లోకి మనం పొరపాటున తొంగిచూసినట్టుంటుంది. విద్యార్థులు ఒకసారి వినాలి. ఆ వెంటనే నాయుడుగారి రికార్డు పెట్టుకుని వినాలి.

ఇక మన సంగతికి వస్తాను. తెలుగువాళ్లం ఆర్కెస్ట్రా ఎక్కడ విన్నాం? ముంబయిలో 2006లో సింఫొనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా పుట్టింది. దాన్ని పెట్టినవాళ్లలో ఒకరు మరాత్ బిసెంగాలియెవ్ అనే కజాఖ్ ఫిడేలు విద్వాంసుడు. అక్కడిదాకా వెళ్లి విన్నవాళ్లు ఈ సభలో ఎందరుంటారు? కానీ గుంపుగా వాయించే ఫిడేళ్ల నాదం మనకు బాగా తెలుసు. మద్రాసు స్టూడియోల్లో రికార్డయిన తెలుగు సినిమా పాటల్లో, చరణానికీ చరణానికీ మధ్య, పది పదిహేను, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ ఫిడేళ్లు ఒక్కసారిగా లేచి పడేవి. ఆ వాయించినవాళ్లలో కర్ణాటక సంగీతం నేర్చుకుని, తరువాత పాశ్చాత్య స్వరలిపి చదవడం నేర్చినవారు చాలామంది. పొద్దున్న మడిచిన కాలి మడమ మీద వాయించినవాడే మధ్యాహ్నం గడ్డం కింద పెట్టుకునేవాడు. స్పెయిన్ నాట్యపు నడకలు మన పాటల్లోకి దిగిందీ వీళ్ల చేతుల మీదుగానే.

వాళ్ల పేర్లు చెప్పండి చూద్దాం. పాడినవారి పేర్లు చెబుతాం. బాణీ కట్టినవారి పేరు, రాసినవారి పేరు చెబుతాం. గ్రామఫోను పళ్లెం మీద అచ్చయినవి ఆ పేర్లే. ఫిడేలు వరసలో మూడో కుర్చీ మనిషి పేరు ఏ పళ్లెం మీదా లేదు. కూలి లెక్క రాసిన పుస్తకంలో ఉండి ఉంటుంది, ఆ పుస్తకం ఎవరింట్లో చెదలు పట్టిందో. నేను ఇందాక పెట్టిన షరతు ఇదే. ఎవరి సంగీతాన్నయినా ఎవరైనా తీసుకోవచ్చు. ఫ్రెంచివాడు స్పెయిన్ రాయొచ్చు, స్పెయిన్ వాడు హంగరీ రాయొచ్చు, మన సినిమా సంగీత దర్శకులు ఎక్కడిదయినా తేవచ్చు. ఎవరి చేతులనుంచి, ఎవరి కాళ్లనుంచి తీసుకున్నామో ఆ పేరు చెప్పాలి. రిమ్‌స్కీ-కోర్సకోవ్ చెప్పాడు. ఫెలిక్స్‌కు ఆ పేరు దక్కలేదు. లాలో చెప్పనక్కర్లేకుండా సరసాతె తానే చెప్పించుకున్నాడు.

ఆ మద్రాసు స్టూడియోల్లో వాయించినవారిలో కొందరు ఈ ఊళ్లో, విజయనగరంలో, మద్రాసులో ఇంకా మన మధ్య ఉన్నారు. పెద్దవయసు. సభా నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే ఏడాది ఈ ఉపన్యాసానికి ఇంకో వక్తను పిలిచే ఖర్చుతో, ఇద్దరు విద్యార్థులకు ఒక రికార్డరు కొనిచ్చి ఆ ఇళ్లకు పంపండి. ఏ పాటలో ఎవరెవరు ఏ కుర్చీలో కూర్చుని వాయించారో అడిగి రాయించండి. ఆ పేర్ల జాబితా ముందు అచ్చు వేయండి, ఉపన్యాసం ఎప్పుడైనా పెట్టుకోవచ్చు.